సిఫార్సుకు లొంగని తెర

మన దేశంలో సిఫార్సు ఉత్తరంతో కొండ మీద దర్శనం అవుతుంది, సిఫార్సు ఫోన్‌తో స్కూల్లో సీటు వస్తుంది. కంప్యూటర్ తెర కూడా ఈ జబ్బు తగిలించుకుందని మొన్నే తెలిసింది. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ కొట్టి డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్తే, తెర మీద ఎన్ని చుక్కలతో బొమ్మ గీయాలో చెప్పే రిజల్యూషన్ జాబితాలో అందరికన్నా పైన 1920×1080 కూర్చుని ఉంది. పక్కనే బ్రాకెట్లో ‘రికమెండెడ్’ అని. ఎవరు చేశారో, ఎంత పుచ్చుకుని చేశారో రాయలేదు.

ఆత్మాభిమానం గల మనిషిని కనుక, ఎవరి అండా లేక కింద పడి ఉన్న 1024×768కి అవకాశం ఇచ్చాను. అక్షరాలు పెద్దవయ్యాయి. నా వయసుకి అంతకన్నా ఏం కావాలి? వెంటనే ‘ఈ మార్పు ఉంచమంటారా?’ అని అడిగి 15 సెకన్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మనం పలక్కపోతే పాతదానికే వెళ్లిపోతుందట. ఇంత మర్యాదగా అడిగి, నచ్చకపోతే తనే వెనక్కి తగ్గే మార్పుని నేను ఏ ప్రభుత్వం దగ్గరా చూడలేదు. ఉంచమన్నాను.

సామాజిక న్యాయం అన్నాక చిన్నచిన్న ఇబ్బందులు తప్పవు. అడ్డం, నిలువుల నిష్పత్తి 4:3 ఉన్న బొమ్మని 16:9 తెర నిండా సాగదీసేసరికి, పెళ్లి ఫోటోలో ఈనెపుల్లలా ఉండే నేను పురోహితుడికి పోటీ వచ్చాను. అక్షరాలు వానలో తడిసిన పేపరులా అలుక్కుపోయాయి. ‘థ’ పొట్టలో చుక్క మాయమై ‘కథ’ కాస్తా ‘కధ’ అయింది. జనం ‘కధ’ అని రాస్తుంటే చదువు చాలలేదనుకునేవాణ్ని. పాపం, రిజల్యూషన్ చాలలేదేమో!

మా ఆవిడ కూరగాయలు తరుగుతూ ఓ చూపు చూసింది. “అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఫ్యాక్టరీలోనే పెట్టేశారండీ. మొత్తం 20,73,600. వాటి మీద మీరు 1024 చుక్కల ముగ్గు వేయమంటే గీత ఎక్కడ పడుతుంది? చుక్కకీ చుక్కకీ మధ్య. అలుక్కుపోక ఏమవుతుంది?”

పాత డబ్బా మానిటర్లకి ఇంత పట్టింపు ఉండేది కాదు. ఏ కొలత ఇచ్చినా సర్దుకుపోయేవి. ఆ తరమే వేరు.

“మీకు కావల్సింది పెద్ద అక్షరాలే కదా! రిజల్యూషన్ జోలికి పోకండి. దాని పైనే స్కేల్ అని ఉంటుంది, అది పెంచుకోండి. చుక్కలన్నీ అలాగే ఉంటాయి, ఒక్కో అక్షరానికి ఇంకాసిని ఎక్కువ చుక్కలు వాడుతుంది, అంతే.”

గొణుక్కుంటూ 1920×1080ని మళ్లీ గద్దె ఎక్కించి, స్కేల్ జాబితా తెరిచాను. 125 శాతం పక్కన అదే మాట, అదే బ్రాకెట్లో.

150 పెట్టుకున్నాను.