గాజువాకలో ఫ్లోరిడా చట్టం పనిచేయదు బావా

"కారు ముందు అద్దం పగిలిందా? రూపాయి ఖర్చు లేకుండా కొత్తది వేయించుకోండి! ఇన్సూరెన్స్ కంపెనీలు దాస్తున్న రహస్యం!" ఈ మెసేజ్ నాకు మొదట మా బావ పంపాడు. తర్వాత అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, ఇంటర్ బ్యాచ్ గ్రూపులో వచ్చింది, చివరికి మా పిన్ని కూడా పంపింది. మా పిన్నికి కారు లేదు.

ఊరుకుందామనే అనుకున్నాను. కానీ మా కింద ఫ్లాట్ మాస్టారు దీన్ని నమ్మారు. గ్యారేజీకి వెళ్లి, పాత గ్లాస్ పీకించి కొత్తది బిగించాక, "బిల్లు ఇన్సూరెన్స్ వాళ్లకి పంపెయ్ బాబూ" అన్నారట. ఆయనది థర్డ్ పార్టీ పాలసీ. బిల్లు ఆయనే కట్టుకున్నారు. ఆ సాయంత్రం లిఫ్ట్ దగ్గర కనబడి, "మీరూ ఆ గ్రూపులో ఉన్నారు కదండీ, ఒక్క మాట చెప్పొచ్చు కదా" అన్నారు. అందుకని ఇప్పుడు చెబుతున్నాను.

మెసేజ్‌లో మొదటి పాయింటు: "అద్దం ఉచితంగా మార్చాలని చట్టం ఉంది." ఉంది. అమెరికాలో, ఫ్లోరిడా రాష్ట్రంలో. మెసేజ్‌తో పాటు తిరుగుతున్న వీడియో ఒకసారి చూడండి, స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది. అక్కడ కాంప్రిహెన్సివ్ పాలసీ, అంటే మనం ఫుల్ ఇన్సూరెన్స్ అనేది, ఉన్నవాళ్ల ముందు అద్దం దెబ్బతింటే, డిడక్టబుల్ పేరుతో, అంటే క్లెయిమ్‌లో మనం భరించాల్సిన వాటా కింద, ఏమీ కోయకూడదు. కెంటకీ, సౌత్ కరోలినాల్లోనూ అలాంటి నిబంధనే ఉంది. ఆ పాలసీ లేనివాళ్లకు అక్కడా ఏమీ రాదు. మన దగ్గర 1500 సీసీ లోపు కారుకు ప్రతి క్లెయిమ్‌లో 1000 రూపాయలు, అంతకు మించితే 2000 రూపాయలు మన జేబులోంచి పోవాల్సిందే. పేరులో గాజు ఉంది కదా అని గాజువాకకు ఫ్లోరిడా చట్టం వర్తించదు.

రెండోది: "ఏ ఇన్సూరెన్స్ ఉన్నా చాలు." మాస్టారిని ముంచింది ఇదే. థర్డ్ పార్టీ అంటే పేరులోనే ఉంది, మన కారు వల్ల ఎదుటివాడికి జరిగే నష్టానికి. మన గ్లాస్‌కి, మన బంపర్‌కి దాంతో సంబంధం లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మన విశాఖలో ఎన్ని కార్ల అద్దాలు పోయాయో చూసినవాళ్లం. ఫుల్ ఇన్సూరెన్స్‌లో తుపాను నష్టం కూడా ఉంటుంది, థర్డ్ పార్టీలో ఉండదు. ఈ తేడా అప్పుడే తెలిసి ఉండాల్సింది. ఇంకో సంగతి, మాస్టారికి ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా ఇబ్బందే అయ్యేది. కంపెనీకి చెప్పకుండా, పగిలిన అద్దం ఎవరికీ చూపించకుండా పీకించేస్తే ఏం చూసి డబ్బులిస్తారు? ముందు ఫోటోలు, తర్వాత కంపెనీకి ఫోన్, ఆ తర్వాతే గ్యారేజీ. రాయి రాల్చి అద్దం పగలగొట్టిన టిప్పర్ ఇన్సూరెన్స్ మీద అడగొచ్చు కదా అని మా బావ సందేహం. అడగొచ్చు బావా, ముందు ఆ టిప్పర్ వెనక బురద కింద ఉన్న నంబరు చదివి చెప్పు.

మూడోది: "గ్లాస్ క్లెయిమ్‌కి నో క్లెయిమ్ బోనస్ పోదు." పోతుంది. క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపే ఈ బోనస్, పొట్టిగా ఎన్‌సీబీ. ఎన్‌సీబీ ప్రొటెక్షన్ అనే యాడ్ ఆన్‌కి (పాలసీకి అదనంగా కొనే రక్షణ) విడిగా డబ్బు కట్టి ఉంటే తప్ప, ఓన్ డ్యామేజ్ క్లెయిమ్, అంటే మన సొంత కారు నష్టానికి చేసేది, చిన్నదైనా పెద్దదైనా బోనస్ సున్నాకి వస్తుంది. ఇక్కడ కాస్త లెక్క చేద్దాం, ఎందుకంటే నేను చేసుకున్నాను. లంకెలపాలెం దగ్గర కంకర టిప్పర్ వెనక వస్తుంటే ఒక రాయి ఎగిరి నా గ్లాస్ మీద పెచ్చు లేచింది. నాకు అప్పటికి 50 శాతం బోనస్ ఉంది. తేలిగ్గా ఉండడానికి ఓన్ డ్యామేజ్ ప్రీమియం 10,000 అనుకుందాం. క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడాది 5,000 తగ్గింపు మొత్తం పోతుంది. ఆ పైఏడాది నుంచి బోనస్ మళ్లీ 20, 25, 35, 45 అని మెట్లెక్కుతుంది కాబట్టి నష్టం వరసగా 3,000, 2,500, 1,500, 500. మొత్తం 12,500. గ్లాస్ మొత్తం మార్చడానికి 8,000 అయితే, 1,000 నేను కట్టుకోగా కంపెనీ ఇచ్చేది 7,000. ఏడు వేల కోసం పన్నెండున్నర వేలు వదులుకోవడాన్ని ఉచితం అంటారా? కారు కొత్తది, బోనస్ ఇంకా మొదలే కాలేదు, కెమెరాలు సెన్సార్లు ఉన్న ఖరీదైన గ్లాస్ అంటే లెక్క తిరగబడుతుంది, అప్పుడు శుభ్రంగా క్లెయిమ్ చేసుకోండి. నేను మాత్రం సొంత డబ్బుతో పెచ్చు పూడ్పించుకున్నాను. ఇప్పుడు ఎండలో చూస్తే చిన్న చుక్కలా కనబడుతుంది, అంతే.

ఇక నాలుగోది. ఇది చదివాక టీ చల్లారిపోయింది. యథాతథంగా ఇస్తున్నాను: "చిన్న పెచ్చుకి రిపేర్ మాత్రమే చేస్తారు. కాబట్టి దాని మీద వేడినీళ్లు పోసి, లోపల ఏసీ ఫుల్‌గా పెట్టండి. పగులు అడ్డంగా పాకుతుంది. అప్పుడు మొత్తం గ్లాస్ కొత్తది ఇవ్వక తప్పదు."

బిర్యానీకి ఎసరు పెట్టినట్టు ఎంత ధీమాగా చెప్పారో! పాకుతుంది, అందులో అబద్ధం లేదు. బీచ్ రోడ్డులో మే నెల ఎండలో కారు ఆపి, వచ్చి ఏసీ పెట్టినా పాకుతుంది. అందుకే కదా పెచ్చుని త్వరగా పూడ్చమనేది. ముందు అద్దం ఒక్క పలక కాదు. రెండు గాజు పలకలు, మధ్యలో పీవీబీ అనే ప్లాస్టిక్ పొర. రాయి దెబ్బకు సాధారణంగా పై పలక మాత్రమే చెదురుతుంది. ఆ గుంటలోకి రెజిన్ అనే జిగురు ద్రవం ఎక్కించి అల్ట్రావయొలెట్ లైట్ పెడితే గట్టిపడుతుంది, పని అయిపోతుంది. పగులు బాగా సాగితేనో, అంచుకి చేరితేనో, డ్రైవర్ చూపుకి సరిగ్గా ఎదురుగా ఉంటేనో అప్పుడు మార్చాలి. అంటే చిన్న పనితో పోయేదాన్ని కావాలని పెద్దది చేసుకోమంటున్నారు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అంటాం, ఇక్కడ మందు కూడా కాదు, మరిగిన నీళ్లు.

పోనీ కంపెనీకి తెలుస్తుందా? నష్టం చూడడానికి కంపెనీ పంపే సర్వేయర్ కనిపెట్టలేకపోవచ్చు, ఒప్పుకుంటాను. కానీ మన పాలసీలో ఒక షరతు ఉంటుంది. దెబ్బతిన్న బండిని బాగుచేయించకుండా నడిపితే, ఆ తర్వాత పెరిగిన నష్టం పూర్తిగా మన బాధ్యతే. తెలియకుండా పగులు పాకినా అడ్డొచ్చే షరతు ఇది. మరి తెలిసి కెటిల్ పట్టుకుని పాకించినవాడి సంగతేంటి? క్లెయిమ్ ఫారంలో "రాయి తగిలి పగిలింది" అని రాసి సంతకం పెడతాడు. దాన్ని మోసం అంటారు, చిట్కా అనరు. దొరికితే క్లెయిమ్ ఒక్కటే కాదు, పాలసీ కూడా పోవచ్చు.

డబ్బు సంగతి వదిలేయండి. చాలా కార్లలో పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ డ్యాష్‌బోర్డు పైనుంచి తెరుచుకుని, ముందు అద్దానికి తగిలి, ఆ ఆసరాతో మనిషి వైపు వస్తుంది. కారు బోల్తా కొడితే పైకప్పు నలగకుండా కాసేవాటిలో ఆ గ్లాస్ కూడా ఒకటి. ఈ పాయింటు రాసిన మహానుభావుడు ఆ పగిలిన గ్లాస్‌తో, పక్కన భార్యనో అమ్మనో కూర్చోబెట్టుకుని, కూర్మన్నపాలెం నుంచి హనుమంతవాక దాకా లారీల మధ్య నడపాలి కదా, కొత్తది వచ్చేదాకా. ఆ ఊహ ఆయనకు రాలేదా?

సరే. ఐదో పాయింటు దగ్గర నేను తల వంచుకోవాలి. "బంపర్ టు బంపర్ లేకపోయినా గ్లాస్‌కి తరుగుదల కోయరు" అని ఉంది. ఇది చదవగానే నవ్వాను. బంపర్ టు బంపర్ అన్నా జీరో డిప్ అన్నా ఒకటే, భాగాల పాతదనానికి తరుగుదల కోయకుండా డబ్బిచ్చే యాడ్ ఆన్. అది లేకపోతే సగమే వస్తుందని ఏళ్ల తరబడి నేనే అందరికీ చెబుతూ వచ్చాను, మా బావతో సహా. తీరా పాలసీ తీసి చూస్తే మెసేజే కరెక్టు. రబ్బరు, ప్లాస్టిక్, టైర్లు, బ్యాటరీకి 50 శాతం, ఫైబర్ గ్లాస్‌కి 30 శాతం, గాజుకి సున్నా. గ్లాస్ చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్‌కి సగం కోస్తారు, అది వేరే. బావా, ఈ ఒక్క విషయంలో నువ్వే గెలిచావు.

మిగతావి పెద్దగా చెప్పుకోవాల్సినవి కావు. టూత్‌పేస్ట్ రాస్తే పెచ్చు పోదు, పళ్లకి వాడుకోండి. నెయిల్ పాలిష్ కూడా అంతే, పైగా తర్వాత రెజిన్ ఎక్కించేవాడు దాన్ని గోకలేక తిడతాడు. దుమ్ము, నీళ్లు పోకుండా మెకానిక్ దగ్గరికి వెళ్లేదాకా ఒక టేపు ముక్క అంటించండి చాలు. రాయి తగిలినందుకు ఎఫ్ఐఆర్ అక్కర్లేదు. పక్క అద్దాల్ని కూడా రెజిన్‌తో అతికిస్తారన్నది తప్పు, అవి టెంపర్డ్ గ్లాస్, పగిలితే పటికబెల్లం ముక్కల్లా రాలిపోతాయి, అతికించడానికి ఏమీ మిగలదు.

ఆఖరి లైను, "ఈ సమాచారం కనీసం 10 మందికి పంపండి." నాకు ఇప్పటికి 11 సార్లు వచ్చింది. పిన్నీ, నీది కూడా లెక్కేశాను.