వద్దనడానికి కూడా ఫ్రెంచి కావాలా?

మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఉగాది కార్యక్రమం గురించి పొద్దుటి నుంచి చర్చ నడుస్తోంది. పంచాంగ శ్రవణం, పిల్లల నాట్యం, భోజనాలు అన్నీ ఖాయమయ్యాయి. చివర ఒక అరగంట పద్యాలు చదువుకుందామా అని నేను రాశాను. అంతే, ఇంకేమీ అనలేదు. దానికి పై అంతస్తు పెద్దమనిషి ఒకాయన ఇచ్చిన జవాబు చూడండి: "పద్యాలు కొంచెం డ ట్రో అవుతాయేమోనండీ." వెంటనే దాని కింద బొటనవేళ్ల బారు. ఆ వేళ్లు ఎత్తినవాళ్లలో ఎంతమందికి ఆ మాట అర్థమైందో పైవాడికే తెలియాలి. "అంటే ఏమిటండీ?" అని అడిగితే ఒక నవ్వు బొమ్మ పంపి ఊరుకున్నారు మహానుభావులు.

నాకు తెలుసు లెండి. ఆయన చేతనే చెప్పిద్దామని అడిగాను. ఫ్రెంచిలో డ ట్రో అంటే మరీ ఎక్కువైంది, అక్కర్లేదు అని. ఇద్దరు మాట్లాడుకుంటున్న గదిలో మూడో మనిషి వచ్చి కూర్చుంటే, ఇంగ్లీషు పెద్దింటివాళ్లు ఆ మూడో మనిషిని అనే మాట అది. "పద్యాలు వద్దండీ" అని రాసి ఉంటే నేను ఎదురు రాసేదాన్ని, నలుగురూ కల్పించుకునేవారు, కాసేపు గొడవయ్యేది, ఏదో ఒకటి తేలేది. ఫ్రెంచిలో అన్నారు కనుక ఆయన మర్యాదస్తులైపోయారు, నేను ఏమీ తెలియనిదాన్నైపోయాను. ఈ మాటలు పుట్టిందే ఇందుకు. ఎదుటివాళ్లను పొమ్మనాలి, పొమ్మన్న పాపం మాత్రం అంటకూడదు.

ఇంగ్లీషులో ఈ సరుకు చాలానే ఉంది. వేషమో మాటో హద్దు దాటితే ఊట్రే. కాలం చెల్లితే పాసే. చూడగానే ఒళ్లు మండించే మనిషి బెట్ న్వార్, అంటే నల్ల జంతువు. నాజూకు తెలియనివాడు గోష్, అసలర్థం ఎడమ. పుర్రచేతివాళ్లు ఏం పాపం చేశారో! అన్నిటికన్నా నాకు మండేది ఆంబరా ద రిషెస్. మంచివి మరీ ఎక్కువైపోయి, ఏది తీసుకోవాలో తోచని కష్టం అన్నమాట. 1720లలో పారిస్‌లో ఆడిన ఒక హాస్యనాటకం పేరు నుంచి వచ్చింది. కలిగినవాళ్ల కష్టానికి ఎంత అందమైన పేరో! మెచ్చుకోవడానికీ ఫ్రెంచి మాటలున్నాయి కదా అని కింద ఎవరైనా రాయబోతున్నారేమో. ఉంటే ఉండనివ్వండి, వాటితో నన్ను ఎవరూ పలకరించిన పాపాన పోలేదు.

ఇది 1066 నాటి జబ్బు. నార్మండీ డ్యూక్ విలియం హేస్టింగ్స్ దగ్గర గెలిచి ఇంగ్లండు సింహాసనమెక్కాడు. అప్పటి నుంచి దొరలది ఫ్రెంచి, జనానిది ఇంగ్లీషు. పశువును మేపేవాడి నోట అది కౌ. వండి బల్ల మీద పెట్టాక దొర నోట బీఫ్. కోర్టుల్లో వాదనలూ ఫ్రెంచిలోనే. తమ గురించి ఏం వాదిస్తున్నారో జనానికి తెలియడం లేదు కనుక ఇకపై వాదనలు ఇంగ్లీషులో జరగాలని 1362లో చట్టం చేశారు. ఆ చట్టాన్ని ఏ భాషలో రాశారంటారు? ఫ్రెంచిలోనే! తెలుగు అమలు గురించిన ఉత్తర్వులను ఇంగ్లీషులో చదువుకునే మనం దీనికి నవ్వకూడదనుకోండి, అయినా నవ్వాను.

ఇంగ్లీషువాళ్లలోనే దీన్ని ఏవగించుకున్నవాళ్లు ఉన్నారు. డబ్బు చూపించుకోవడం ఎంత మొరటో, తెలివి చూపించుకోవడమూ అంతే మొరటని, ఇంగ్లీషు వాడుక మీద నిఘంటువు రాసిన ఫౌలర్ 1926లోనే ఈ ఫ్రెంచి పిచ్చి గురించి రాశాడు. నాగరికులమని అనిపించుకోవడానికే ఇలాంటి పరాయి మాటలు వాడతారని 1946లో రచయిత ఆర్వెల్ అన్నాడు. ఆ కబురు మా పై అంతస్తుకు ఇంకా చేరినట్టు లేదు.

పోనీ అదైనా అసలైన ఫ్రెంచా? పాట నచ్చి మళ్లీ పాడమనడానికి లండన్‌లో "ఆంకోర్" అని అరుస్తారు. పారిస్‌లో అరిచేది "బీస్" అని. కలంపేరుకు వాడే నోం డ ప్లూమ్ ఇంగ్లీషువాళ్లు ఇంట్లో కుట్టుకున్న ఫ్రెంచి. చెప్పాపెట్టకుండా జారుకుంటే ఇంగ్లీషువాడు దాన్ని ఫ్రెంచి సెలవు అంటాడు, ఫ్రెంచివాడేమో ఇంగ్లీషు తరహాలో జారుకోవడం అంటాడు. నోటి వెంట బూతు వస్తే ఇంగ్లీషువాడు "నా ఫ్రెంచిని మన్నించండి" అంటాడు. అవతలివాళ్లూ తక్కువ తినలేదు. ఇంగ్లీషును అదుపు చేయడానికి 1994లో టూబోన్ అనే ఫ్రెంచి మంత్రి చట్టం తెస్తే, ఆయన పేరునే ఇంగ్లీషులోకి తిప్పి "ఆల్‌గుడ్" చట్టమని వెక్కిరించారు. వాళ్లూ వాళ్లూ ఏమైనా అనుకోనివ్వండి, మధ్యలో మా ఉగాది పద్యాలు ఏం చేశాయండీ?

ఈ తరహా మనుషులు నాకు కొత్త కాదు. డిగ్రీలో మా ఇంగ్లీషు మాస్టారొకరు ఉండేవారు. పాఠంలో వచ్చిన ఒక ఫ్రెంచి మాటను ఉన్న అక్షరాలన్నీ కూడబలుక్కుని "రెండెజ్‌వౌస్" అని చదివాను. రాందెవూ అనాలట. క్లాసంతా నవ్వేదాకా ఆయన ఆగారు, ఆపైన ఏడాదంతా నన్ను ఆ పేరుతోనే పిలిచారు. మా ఊరి ముసలమ్మ ఆర్టీసీ డిపో అంటుంది, చివరి టీని ఏనాడూ పలకదు. డిపో ఫ్రెంచి మాటే. ఆవిడకు ఎవరు పతకం ఇచ్చారు?

అప్పుకు ఇంగ్లీషు మాటైన డెట్‌లో 'బీ' పలికిందని ఇంకో అమ్మాయినీ ఆయన నిలబెట్టారు. ఆ మాట ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అందులో 'బీ' లేనే లేదు. లాటిన్ మోజున్న పండితులు తరవాత ఇరికించారు. పలకని అక్షరాన్ని ఇరికించినవాడు పండితుడు, ఉన్న అక్షరాన్ని పలికిన పిల్ల మొద్దు!

ఆ మాస్టారు పదవీ విరమణ సభకు ఆహ్వానపత్రిక నాకూ వచ్చింది. అడుగున పెద్ద అక్షరాలతో "ఆర్‌ఎస్‌వీపీ ప్లీజ్" అని ఉంది. ఆర్‌ఎస్‌వీపీ అంటేనే ఫ్రెంచిలో దయచేసి జవాబివ్వండి అని. పక్కన ఇంకో దయచేసి ఎందుకు, ఎక్కువ కాలేదూ? నేను జవాబివ్వలేదు.