సవరణ: జీరోను చూసి హెల్‌క్యాట్‌ను తయారు చేయలేదు

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాడిన జీరో యుద్ధవిమానాల్లో ఒకటైన ‘అకుటన్ జీరో’ మీద మొన్న పెట్టిన పోస్టులో, అమెరికన్లకు దొరికిన ఆ జపాన్ విమానాన్ని విప్పి చూసి, దానికి పోటీగా అమెరికాలోని గ్రుమ్మన్ కంపెనీ తన యుద్ధవిమానం హెల్‌క్యాట్‌ను డిజైన్ చేసిందని రాశాను. తప్పు నాదే, సరిచూసుకోకుండా రాశాను.

అమెరికా నౌకాదళ రికార్డులు, విమాన చరిత్రకారులు ఇచ్చే తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేలిపోతుంది. జపాన్ పైలట్ తదయోషి కోగా నడిపిన జీరో 1942 జూన్ 4న అలాస్కాకు చెందిన అలూషియన్ దీవుల్లోని అకుటన్‌లో దిగబోయి బురదనేలలో చక్రాలు కూరుకుపోయి తిరగబడింది, అతను అక్కడే చనిపోయాడు. అమెరికన్ల కంట అది పడింది జూలై 10న. హెల్‌క్యాట్ నమూనా అప్పటికే, జూన్ 26న, గాల్లోకి ఎగిరింది! ఆర్డరు అయితే 1941లోనే ఇచ్చారు.

అలాగని ఆ జీరో వల్ల ఉపయోగం లేదని కాదు, చాలా ఉంది. శాన్ డియేగోలో బాగుచేసి సెప్టెంబరులో అమెరికా నౌకాదళ పైలట్ ఎడ్డీ శాండర్స్ దాన్ని నడిపినప్పుడు రెండు లోపాలు బయటపడ్డాయి: వేగం పెరిగాక ఐలరాన్లు (విమానాన్ని పక్కకు ఒరిగించే, రెక్కల చివర కదిలే పలకలు) బిగుసుకుపోయి కుడివైపు తిరగడం మరీ కష్టమయ్యేది, ముక్కు ఒక్కసారిగా కిందికి దించితే కార్బరేటర్ నుంచి ఇంధనం అందక ఇంజిన్ ఆగేది. అందుకే, జీరో వెంటపడితే వేగంగా డైవ్ చేసి కుడివైపు తిప్పమని పైలట్లకు చెప్పారు. అంటే అది మార్చింది పోరాడే పద్ధతిని, హెల్‌క్యాట్ డిజైన్‌ను కాదు. పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను, షేర్ చేసినవాళ్లు దయచేసి ఇది కూడా జతచేయండి.