దూలం ముందా, రేకు ముందా?

హైదరాబాద్‌లో ఒక డెంటింగ్ షెడ్డు. స్టాండ్ల మీద పాత అంబాసిడర్ మార్క్ 2. ఎడమ వైపు కాళ్ల దగ్గర ఫ్లోర్ లోంచి నేల కనిపిస్తోంది. బండి ఓనర్‌కూ డెంటర్‌కూ వాదన.

ఓనర్: ముక్కలు అతికితే అతుకుల బొంత అవుతుంది మేస్త్రీ. ముందు నుంచి వెనక సీటు దాకా ఒకేసారి కోసేసి కొత్త రేకు వేద్దాం.

డెంటర్: కోసుడు గంట పని సార్. అటెన్క డోర్లు పడవు. దీనికి లారీ లెక్క కింద విడిగ చాసిస్ లేదు. డోర్ల కింది పొడుగు దూలం సిల్లు, ఫ్లోర్ కింది అడ్డ దూలం క్రాస్ మెంబర్, ఆ పైన ఫ్లోర్, మూడూ కలిస్తెనే చాసిస్. ఫ్లోర్ తీస్తె నడుమ కుంగుతది. కుంగినప్పుడు వెల్డింగ్ కొడితే ఆ వంకరే ఖాయం.

ఓనర్: అడ్డ పైపులు కట్టొచ్చుగా?

డెంటర్: కట్టాలె. 25 మిల్లీమీటర్ల చదరపు పైపు, హింజ్ పిల్లర్ నుంచి నడిమి పిల్లర్‌కు. డోర్లు మాత్రం ఇప్పొద్దు, డోరు సందే మనకు స్కేలు. కానీ పైపు ఆపేది పైభాగాన్నే. కింద సిల్లే పునాది. అది తుప్పు పట్టి బూడిదయితే కొత్త రేకు దేన్ని పట్టుకోవాలె?

ఓనర్: పునాది అంటున్నారు, ఇక్కడ చూడండి. ఎవరో పాత రేకు మీదే కొత్త రేకు, దాని మీద ఇంకోటి. మూడు పొరలు, మధ్యలో బురద. ఇది మీ షెడ్ల పద్ధతేగా?

డెంటర్: ...అది మావోళ్ల తప్పే. కాదనను.

ఓనర్: ఇంకోటి. కింది సపోర్టు దూలాన్ని మొత్తం తుప్పు తిన్నాక అది ఎక్కడుండేదో ఎట్లా తెలుస్తుంది?

డెంటర్: కోయకముందే అవతలి దిక్కు కొలిచి, దారానికి గుండు కట్టి నేల మీద గుర్తులు పెట్టాలె. రెండు దిక్కులా పోతే మాత్రం ఇంకో అంబాసిడర్ కింద పండుకొని కొలుసుడే. ఇగ వరుస వినుండ్రి. బ్యాటరీ, పెట్రోల్ ట్యాంక్, బ్రేక్ పైపులు తీసెయ్యాలె. ముందు చక్రాలకు స్ప్రింగు లెక్క పనిచేసే కడ్డీ, టార్షన్ బార్, దాని వెనక కొస ఫ్లోర్ కింది క్రాస్ మెంబర్‌లనే ఉంటది. దాన్ని ముట్టాల్సొస్తె ముందుగాల బార్ బిగువు దించాలె, లేకుంటె చాచి కొడతది. ఒక పక్క సిల్లు అయిపోయినంకనే రెండో పక్క. ప్రతిసారీ మూల నుంచి మూలకు టేపు పెట్టాలె. రెండు కొలతల తేడా 3 మిల్లీమీటర్లు దాటిందా, వెల్డింగ్ ఆపుడే. సపోర్టుకు 18 గేజ్, ఫ్లోర్‌కు 20 గేజ్. పై రేకుకు వెల్డింగ్ నింపనీకి 8 మిల్లీమీటర్ల తూట్లు, 30-40 మిల్లీమీటర్లకొకటి. అతుకుల మధ్య జింక్ ప్రైమర్ పూసి, తూటు లోపల మాత్రం గీకెయ్యాలె. CO2 వెల్డింగే, మంటతోని కొట్టే గ్యాస్ వెల్డింగ్ వద్దు.

ఓనర్: గ్యాస్ అయితే?

డెంటర్: వేడి పరుచుకుంటది, రేకు ఉబ్బుతది. బొటనవేలితో నొక్కుండ్రి, నూనె డబ్బా మూత లెక్క టక్కుమంటది. CO2 తోటైనా ఇంచుకు మించి ఒక్కతీరుగ కొట్టొద్దు. ఈ మూల కొంచెం, ఆ మూల కొంచెం. పాత ఫ్లోర్‌లో గాట్లు, అంటె రేకులో నొక్కిన పొడుగు గీతలు, సోకుకు కాదు, ఈ టక్కుమనుడు ఆపేందుకే. బాలానగర్‌లో బెండింగ్ మిషన్ మీద కనీసం నాలుగు గాట్లు కొట్టించుకొని రాండ్రి.

ఓనర్: ఇదంతా సముద్రం పక్కన బండికి. హైదరాబాద్‌లో ఇంత తుప్పు ఎందుకు?

డెంటర్: సముద్రమెందుకు సార్, అద్దం రబ్బరు చాలు. వాన నీళ్లు డ్యాష్‌బోర్డ్ వెనక నుంచి దిగి కార్పెట్ కింది ఫెల్ట్‌లో చేరతయి. పైన ఆరినట్టే ఉంటది.

ఓనర్: అందుకే సిల్లు తూట్లన్నీ మూసి, కింద మొత్తం తారు పూయించేస్తా.

డెంటర్: గదే వద్దు! ఆ తూట్లు నీళ్లు బయటికి పోనీకి. మూస్తె లోపల చెరువే. తారు ఎండి పగిలినంక దాని కింద తుప్పు కనబడనే కనబడదు. అతుకుల సందులు మూసే సీమ్ సీలర్ పూసి, సిల్లు లోపలికి మైనం కొట్టించుండ్రి.

ఓనర్: పాత బండ్లన్నీ తారుతోనే తిరిగాయి కదా?

డెంటర్: తిరిగినయి. ఇగో, ఇట్ల నా దగ్గరికొచ్చినయి.

ఓనర్: సరే, ఏ పక్క నుంచి మొదలు?

డెంటర్: ఏ డోరు మూసేటప్పుడు లేపాల్సొస్తుందో, ఆ పక్క.