వంతెన మీద ఎలుగుబంటి

ఇప్పుడే మా బిడ్డ ఇంగ్లీష్ స్లిప్ టెస్ట్ పేపరు చూసిన. బీపీ ఇంకా దిగలేదు.

'ద బ్రిడ్జ్ కెనాట్ బేర్ ద లోడ్.' ఇందులో 'బేర్' అంటే ఏంటో రాయాలి. పిల్ల 'మోయడం' అని రాసింది. సారు ఇంటు కొట్టి, పక్కన ఎర్ర పెన్నుతో 'ఎలుగుబంటి' అని దిద్దిండు! రోజుకు ఇరవై మాటలని ఆయన బట్టీ పట్టించే లిస్టులో బేర్ అంటే ఎలుగుబంటే మరి. ఆ లెక్కన వంతెన బరువును ఎలుగుబంటి లేదు. మీకేమన్నా అర్థమైందా? నల్లమలలో ఉండాల్సిన జంతువు మహబూబ్‌నగర్ దాకా వచ్చి మా పిల్ల మార్కు తినిపోయింది.

ముందు రోజు రాత్రి పాఠం చదువుతూ వాళ్లమ్మ ఫోన్‌లో ఏఐని అడిగింది. అది పల్లీ బస్తాలు ఎత్తిన బండిని ఉదాహరణగా తీసుకొని, ఇక్కడ 'బేర్' అంటే మోయడమని చెప్పింది. 'పెయిన్' పక్కన వస్తే ఓర్చుకోవడం, 'ఫ్రూట్' పక్కన వస్తే కాయడం, అడవిలో కనబడితే ఎలుగుబంటి అని కూడా చెప్పింది. అది నడిచేదే అట్లా కదా, ఒక మాట చుట్టూ ఏ మాటలున్నాయో చూసుకుంటూ. అదీ తప్పులు చెప్తుంది, కాదనను. కానీ ఎర్ర పెన్ను పట్టుకొని చెప్పదు. సారు మాత్రం 'ఫోన్ చూస్తే బుర్ర ఖరాబైతది' అన్నాడట, క్లాసులో వాట్సాప్ చూసుకుంటూ.

లిఫ్ట్ అనే మాటనే తీసుకోండి. బైకు మీద అడిగేది ఒకటి, ఆస్పత్రిలో ఎక్కేది ఒకటి, పొలాలకు నీళ్లు ఎత్తిపోసే పాలమూరు-రంగారెడ్డి లిఫ్ట్ ఇంకొకటి. మా దగ్గర పశువుల కాపరి కూడా ఏ లిఫ్టో డిక్షనరీ లేకుండా చెప్తాడు. 2015లో శంకుస్థాపన చేసిన ఆ మూడో లిఫ్టు ఎందాకా వచ్చిందని మాత్రం అడగకండి, ఆ కోపం వేరే పోస్టుకు దాచిన.

అసలు ఈ ఇంటు మార్కులు నాకు కొత్త కాదు. నాలుగో తరగతిలో బొమ్మ కింద ఆనిగెపుకాయ అని రాసినందుకు గోడకుర్చీ వేసిన. సొరకాయ అనాలట. మా అమ్మ పెరట్లో కాసింది, మా అమ్మ పెట్టిన పేరు తప్పట! ఇప్పుడు సెప్టెంబర్ 9 వస్తే కాళోజీ ఫోటోకు దండేసి, తెలంగాణ భాష గొప్పదని మైకులో చెప్పేది కూడా ఆ బాపతు సార్లే. దండ తీయకముందే పిల్లలు 'వస్తున్న' అంటే 'వస్తున్నాను అనరా' అని మొట్టికాయ. వీళ్లకు ఇంగ్లీష్ మాటా ఒకటే, తెలుగు మాటా ఒకటే. లిస్టులో ఉందా లేదా, అంతే.

శనివారం పేరెంట్స్ మీటింగ్. ఫీజు బాకీ ఎప్పుడు కడతారని ఎట్లాగూ అడుగుతారు. 'ఐ కెనాట్ బేర్ ఇట్ సార్' అంటా. ఎలుగుబంటిని ఎక్కడ కట్టేస్తాడో చూస్తా.