అరగదీసిన నంబర్‌ను ఎవరు తిరిగి ఇస్తారు?

రంగు వేయడానికి ఇచ్చిన నా పాత ర్యాలీ సైకిల్ ఫ్రేమ్ నిన్న సాయంత్రం చేతికి వచ్చింది. అద్దంలా మెరుస్తోంది. కానీ సీటు కింది లగ్ (గొట్టాలను కలిపే లోహపు తొడుగు) మీద వేలితో ఎంత తడిమినా, తయారైనప్పుడే లోహంలోకి కొట్టిన ఫ్రేమ్ నంబర్ తగలలేదు. దాన్ని గరుకు కాగితంతో అరగదీసి, మిగిలిన గాడిని పుట్టీతో పూడ్చి, పైన మందంగా పౌడర్ కోటింగ్ వేశారు. అడిగితే, "తుప్పు గీతలనుకున్నామండీ, శుభ్రం చేశాం" అన్నారు. రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పాత సైకిల్‌కు చక్రాలు మారతాయి, సీటు మారుతుంది, కొంగ తలలు చెక్కిన ర్యాలీ చైన్ వీల్‌ను మరో ఫ్రేమ్‌కు బిగించడానికి పూట కూడా పట్టదు. ముందున్న బ్యాడ్జ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. సాటి ఇంగ్లిష్ కంపెనీలైన హంబర్‌ను 1932లో, రడ్జ్‌ను 1943లో, బీఎస్ఏ సైకిళ్ల విభాగాన్ని 1957లో కొనేసి, ఆ పేర్లతోనూ ర్యాలీ సైకిళ్లు అమ్మింది కాబట్టి, బీఎస్ఏ వారి మూడు తుపాకుల గుర్తు కనబడినంత మాత్రాన అది బర్మింగ్‌హామ్‌లో తయారైందని చెప్పలేం. ఫ్రేమ్‌తోపాటే పుట్టి, దానిని వదిలిపోనిది లోహంలోకి దిగిన ఆ నంబర్ ఒక్కటే. అంకెల వరుసే కాదు, అది ఎక్కడ కొట్టి ఉందన్నదీ ఆధారమే: అమెరికా కంపెనీ ష్విన్ సైకిళ్లలో వెనుక ఎడమ డ్రాపౌట్ (చక్రం ఇరుసు కూర్చునే చోటు) మీద ఉండే నంబర్ 1970లో హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ కింది ముందు గొట్టం) మీదికి మారింది.

అమ్మేవాళ్ల మీద నాకున్న పాత కోపం కూడా దీనితో మళ్లీ రగిలింది. "1928 నాటిది, అన్నీ ఒరిజినల్" అంటూ ఒకాయన చూపించిన సైకిల్ వెనుక హబ్ (చక్రం మధ్యలోని గేర్ల డబ్బా) స్టర్మీ-ఆర్చర్ కంపెనీ ఏడబ్ల్యూ రకం. ఆ రకం వచ్చిందే 1936లో, పైగా దాని మీద 58 అని, అంటే 1958లో తయారైందని, స్పష్టంగా కొట్టి ఉంది. ఆ అంకెను చూపిస్తే, "పాతది పాతదేగా" అని నా నోరు మూయించారు. 58 చెప్పేది హబ్ వయసే, ఫ్రేమ్ వయసు కాదు. రెండూ కలిసి పుట్టాయో లేదో తేల్చాలంటే ఫ్రేమ్ నంబర్ కావాలి. దాన్నే చెరిపేస్తే ఇలాంటి మాటను కాదనడానికి ఏ ఆధారం చూపాలి?

రంగుకు ఇచ్చే ముందు ఆ నంబర్ మీద పలచని కాగితం పరిచి పెన్సిల్‌తో రుద్దుకోండి, ఫొటో తీసుకోండి, అక్కడ టేప్ అంటించి మరీ ఇవ్వండి. నేను చేయలేదు. ఇప్పుడు ఆ లగ్ మీది కొత్త రంగును కొద్దికొద్దిగా విప్పుతున్నాను. ఇప్పటికి మూడు అంకెలు కనబడ్డాయి, నాలుగోది మూడో ఎనిమిదో తెలియడం లేదు.