నేరం చెప్పరు.. జైలు తప్పదు

2025 జనవరి 20, సోమవారం తెల్లవారకముందే విడుదలైన పాలస్తీనా నాయకురాలు ఖలీదా జరార్‌ను చూసి దగ్గరివాళ్లే నిర్ఘాంతపోయారు. జుట్టంతా తెల్లబడింది, మనిషి సగమైంది. గాజా కాల్పుల విరమణ తొలి విడతలో ఇజ్రాయెల్ వదిలిపెట్టిన 90 మంది పాలస్తీనా ఖైదీల్లో ఆమె ఒకరు. 2023 డిసెంబర్ 26న పట్టుకెళ్లారు. దాదాపు పదమూడు నెలలు గడిచినా చేసిన నేరమేమిటో చెప్పలేదు. ఛార్జిషీటు లేదు, విచారణ లేదు.

దీన్ని అడ్మినిస్ట్రేటివ్ డిటెన్షన్ అంటున్నారు. సైనిక కమాండర్ సంతకం పెడితే ఆరు నెలల దాకా జైల్లోనే. గడువు ముగిసేసరికి ఇంకో కాగితం సిద్ధం. ఆధారాలు రహస్యమట. ఖైదీకీ చూపరు, లాయరుకూ చూపరు. కంటితో చూడని ఆరోపణకు ఎవరైనా ఏం జవాబు చెప్పుకుంటారు?

జరార్ ఎవరో పాలస్తీనాలో పరిచయం చేయనక్కర్లేదు. 1963లో నాబ్లస్‌లో పుట్టారు. మొదటి అరెస్టు 1989 మార్చి 8న, మహిళా దినోత్సవ ప్రదర్శనలో. ఖైదీల హక్కుల సంస్థ అద్దమీర్‌ను ఏళ్ల తరబడి నడిపారు. 2006లో ప్రజలు ఓటేసి పాలస్తీనా పార్లమెంటు అయిన శాసనమండలికి పంపారు. 2015 ఏప్రిల్ 1న పాలస్తీనాకు అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు సభ్యత్వం అమల్లోకి వచ్చింది. ఆ వ్యవహారాలు చూసే కమిటీలో ఆమె ఉన్నారు. మర్నాడు తెల్లవారుజామునే సైనికులు ఇంటికొచ్చారు! అప్పుడూ మొదట ఇచ్చింది డిటెన్షన్ కాగితమే. ప్రపంచం గగ్గోలు పెట్టాక పన్నెండు అభియోగాలు మోపారు. అంటే ఛార్జిషీటు రాయడం రాక కాదు, అవసరం లేదనుకున్నారు. 2017 నుంచి 2019 దాకా మళ్లీ ఇరవై నెలలు, మళ్లీ ఏ కేసూ లేకుండా.

ఆమె పీఎఫ్‌ఎల్‌పీ (పాపులర్ ఫ్రంట్ ఫర్ ది లిబరేషన్ ఆఫ్ పాలస్తీనా) నాయకురాలని, అది ఉగ్రవాద సంస్థ అని ఇజ్రాయెల్ వాదన. అమెరికా, ఐరోపా యూనియన్ జాబితాల్లోనూ ఆ సంస్థ ఉంది. దాని చేతికి నెత్తురు అంటలేదని మేమూ అనం. అయితే ఆ మాట కోర్టులో రుజువు చేయండి. రుజువు చేయలేనప్పుడు, చేయదలచుకోనప్పుడు జైల్లో పెట్టే హక్కు ఎక్కడిది?

2021 జూలైలో ఆమె కూతురు సుహా ముప్పై ఒక్క ఏళ్లకే రామల్లాలో కన్నుమూసింది. అప్పుడు జరార్ మరో శిక్ష కింద దామోన్ జైల్లో ఉన్నారు. కడసారి చూపుకు వదలమంటే వదల్లేదు. నిన్ను ఒక పువ్వుతో సాగనంపుతున్నానని జైలు నుంచి బిడ్డకు రాసి పంపారు. సెప్టెంబర్‌లో విడుదల కాగానే నేరుగా సమాధి దగ్గరికి వెళ్లారు. తాజా నిర్బంధంలో, 2024 ఆగస్టులో, ఇజ్రాయెల్‌లోని రామ్లా జైల్లో ఒంటరి సెల్లులో పడేశారు. గాలి ఆడక తలుపు కింది సందు దగ్గర కూర్చుని ఊపిరి తీసుకుంటున్నానని లాయరు ద్వారా కబురు పంపారు. శిక్ష పడని మనిషికి ఇది!

ఈ డిటెన్షన్ ఏర్పాటుకు మూలం బ్రిటిష్‌వాళ్లు 1945లో పాలస్తీనాలో తెచ్చిన అత్యవసర నిబంధనల్లో ఉంది. రౌలట్ చట్టాన్ని చవిచూసిన మనకు ఆ ధోరణి కొత్త కాదు. పీడీ యాక్టును ఇష్టానుసారం వాడుతున్నారని తెలంగాణ పోలీసులను సుప్రీంకోర్టు 2023లో మందలించింది కూడా. విచారణ లేకుండా లోపలేయొచ్చని ఒక్కసారి ఒప్పుకుంటే ఆ ఒప్పుకోలు ఒక్క దేశంతో ఆగదు, ఒక్క ఖలీదాతోనూ ఆగదు. ఆమె విడుదలైన 2025 జనవరి నాటికి మూడు వేల మందికి పైగా పాలస్తీనీయులు అదే కాగితం మీద జైళ్లలో ఉన్నారు.

మహిళా సాధికారత సదస్సులకు డబ్బులిచ్చే ఐరోపా ప్రభుత్వాలు వీరి గురించి గట్టిగా నోరెత్తవు. పాలస్తీనా రాజ్యాన్ని 1988లోనే గుర్తించిన ఢిల్లీకి ఏమైంది? ఆధారం ఉంటే కేసు పెట్టండి, లేదంటే వదిలేయండి అనడానికి ధైర్యం కూడా అక్కర్లేదు. ఆ పాటి మాట అనలేని వాళ్లు మానవ హక్కుల గురించి ఎవరికీ పాఠాలు చెప్పొద్దు.